కనకాంబరాల ముడి

గురువారం.

రాత్రి కురిసిన వానకు మేడమీది గది కిటికీలోంచి నీళ్ళు కారి బల్ల మీదికి వచ్చాయి. బల్ల మీద నేను కడుతున్న చిన్న నమూనా ఓడకు ఏమీ కాలేదు. తాళ్ళ అమరిక గీసి ఉన్న ప్లాను కాగితం మాత్రం తడిసి అప్పడంలా ఉబ్బింది. నేను తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ కాఫీ తెచ్చి, ఒకసారి చూసి, "ఓడే కదండీ, తడిస్తే ఏమవుతుంది?" అని వెళ్ళిపోయింది.

పెద్ద డ్రాయింగులు తీసే జెరాక్స్ అంగడికి వెళ్ళాను. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాను. అక్కడి కుర్రాడు కాగితం బయటికి వస్తుండగానే "ఎన్ని అంతస్తులు సార్?" అన్నాడు. మూడు తెరచాప కొయ్యలు అన్నాను. మరి మాట్లాడలేదు.

నిజానికి ఈ ఓడ ప్లాను నీళ్ళపాలు కావడం ఇది మొదటిసారి కాదు. నేను కడుతున్నది ట్రింకోమలీ. బ్రిటిష్ నౌకాదళం కోసం బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం కట్టిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక. దాని ప్లాన్లను ఇంగ్లండు నుంచి 'జావా' అనే యుద్ధనౌకలో పంపారు. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా నౌక 'కాన్‌స్టిట్యూషన్' దాన్ని ఓడించింది. జావాతో పాటే ప్లాన్లూ పోయాయి. మళ్ళీ పంపించుకుని, మలబారు టేకుతో కట్టి, 1817 అక్టోబర్ 12న నీళ్ళలోకి దించారు. యుద్ధాల వల్ల ఇంగ్లండులో ఓక్ చెక్కకు కరవు వచ్చింది, ఇక్కడ టేకు ఉంది. ఆ ఓడ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీళ్ళ మీదే తేలుతూ ఉంది. వాళ్ళకు ప్లాను మళ్ళీ చేరడానికి ఎన్ని నెలలు పట్టిందో గాని, నాకు గంటలో పని అయిపోయింది.

తెలిసినవాళ్ళంతా అడిగేది ఒకటే: "టేకు ఓడ అంటున్నారు, టేకుతోనే చేస్తున్నారా?" లేదు. 64 రెట్లు చిన్నది చేసినప్పుడు టేకు చార చిన్నది కాదు కదా! నా ఓడ డెబ్బై సెంటీమీటర్ల పైచిలుకు. దాని మీద అసలు టేకు పలక అతికిస్తే ఒక్కో చార తాడంత లావుగా కనిపిస్తుంది. నిజమైన చెక్కే అబద్ధంలా ఉంటుంది. అందుకే పలకలకు చార కనిపించని చెక్క తెప్పించాను. చిన్న చిన్న కప్పీలకు ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ముక్కలు. ఇక రెండో ప్రశ్న తిరుపతిలో మాత్రమే ఎదురవుతుంది: "ఎర్రచందనంతో చేయకూడదా?" ఈ ఊళ్ళో ఆ మాట గొంతు తగ్గించే అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను. కొడుకులు ఓడ చూడటానికి రావాలి గాని, నన్ను చూడటానికి జైలుకు రాకూడదు.

అసలు బాధ చెక్కతో కాదు, దారంతో. నాలుగు రోజులుగా నిచ్చెన తాళ్ళు కడుతున్నాను. కొయ్యను పక్కల నుంచి పట్టి ఉంచే లావు తాళ్ళకు అడ్డంగా సన్న తాళ్ళు కడతారు. నావికులు వాటి మీద కాళ్ళు పెట్టి పైకెక్కేవారు. అడుగున్నర లోపు దూరానికి ఒక మెట్టు. నా ఓడలో అది ఆరు మిల్లీమీటర్లు. తెల్లటి అట్ట మీద ఆరేసి మిల్లీమీటర్లకు గీతలు గీసి వెనక నిలబెట్టాను. దారానికి తేనెమైనం పట్టించాను. ప్రతి నిలువు తాడు దగ్గరా రెండు చుట్ల ముడి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పది మెట్లు కట్టి దూరం నుంచి చూస్తే నిలువు తాళ్ళు లోపలికి వంగి, నిచ్చెన ఢమరుకంలా తయారైంది. ముడి గట్టిగా ఉండాలని బిగించిన ప్రతిసారీ అది పక్కనున్న తాడును కొంచెం లాగుతోంది. నిన్న పదీ కోసేశాను.

జెరాక్స్ తీసుకుని గోవిందరాజస్వామి గుడి మీదుగా తిరిగి వస్తూ పూల అంగడి ముందు ఆగాను. పూలు కొనడానికి కాదు. అక్కడ ఒక పెద్దావిడ కనకాంబరాలు కడుతోంది. వేలి మీద చుట్టు, పూలజంట, ఇంకో చుట్టు. చూపంతా ఎదుటి అంగడిలో జరుగుతున్న తగాదా మీదే ఉంది. అంత సన్న కాడ ఒక్కటీ తెగడం లేదు. ఎలా అని అడిగితే నాకేసి వింతగా చూసింది. "లాగకూడదు సామీ. ఒక చేత్తో కాడ కదలకుండా పట్టుకుని, చుట్టు దాని మీద కూర్చోబెట్టాలి. లాగితే మెడ తెగుతుంది" అంది. ఊరికే నిలబడి చూసినందుకు మొహమాటపడి రెండు మూరలు కొన్నాను.

మధ్యాహ్నం నిద్ర మానేసి కూర్చున్నాను. మొదటి మెట్టుకు నిలువు తాడును ట్వీజర్లతో పట్టి, చుట్టును దాని మీద కూర్చోబెట్టబోతే ముడే నిలవలేదు. మైనం జారుతోంది. ఆవిడ నారకు మైనం లేదు మరి. మైనం లేని దారంతో కడితే నూగు లేచి ఓడకు గడ్డం వచ్చినట్టు ఉంది. మైనం సగం తుడిచి, ముడి కూర్చున్నాక చుక్క జిగురు పెడితే నిలిచింది. సాయంత్రం దీపాలు వేసే వేళకు ఏడు మెట్లు. అట్ట తీసి దూరం నుంచి చూశాను. కింది మూడూ బాగున్నాయి. నాలుగో దాంట్లో కొంచెం వంపు. కరెంటు పోయాక బాగానే కనిపించింది.

రాత్రి అన్నానికి పిలవడానికి వచ్చిన మా ఆవిడ, భూతద్దం కింద నేనేమి చేస్తున్నానో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "తెచ్చింది నాకు కాదా?" అంది. అప్పటికి మూరెడు విప్పేశాను. మిగిలిన మూర ఆమెకు ఇచ్చాను. ఆ ముడి మొదటి చుట్టు ఎటు తిరుగుతుందో ఇంకా అంతుపట్టలేదు. రేపు మూడు మూరలు తేవాలి.