ఎర్ర మేపుల్‌కి సగం ఎండే

న్యూజెర్సీలో మన వాళ్లు ఇల్లు కొన్నాక ముందు బ్యాక్‌యార్డ్‌లో వంకాయ, టమాటా, బెండ పెడతారు. ఆ తర్వాత వీధిలో ఎవరింటి ముందో ఎర్రాకుల జపనీస్ మేపుల్ చెట్టు చూసి మనసు పారేసుకుంటారు. మా ఇంట్లోనూ అదే వరస. ఇప్పుడు మొక్క కొనబోయే ముందు నన్ను అడిగేవాళ్లంతా ఏ రకం అని అడుగుతారు గానీ ఎక్కడ పెట్టాలని మాత్రం అడగరు.

రకాల సంగతి చిన్నదే. నర్సరీలో ఎక్కువగా కనిపించేది బ్లడ్‌గుడ్, నిలువుగా 15 నుంచి 20 అడుగుల దాకా వెళ్తుంది, అదీ చాలా నింపాదిగా. కొమ్మలు కిందికి వాలి, ఆకు సన్నగా చీలికలుగా ఉండాలంటే క్రిమ్సన్ క్వీన్, తముకెయామా. ఎంపరర్ వన్ అని ఇంకొకటుంది, బ్లడ్‌గుడ్ కంటే కాస్త ఆలస్యంగా చిగురిస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో చివరాఖరున వచ్చే గడ్డకట్టే చలికి లేత ఆకు మాడిపోయే భయం తక్కువ. నన్నడిగితే మా వైపు అదే మేలు.

చోటు దగ్గరే అసలు కథంతా. ఆకుకి ఎరుపునిచ్చే ఆంథోసైనిన్ బాగా తయారవ్వాలంటే వెలుతురు కావాలి. నీడలో పెడితే చెట్టుకేమీ కాదు గానీ, వేసవి వచ్చేసరికి ఆకు కంచు రంగుకో ముదురాకుపచ్చకో తిరిగిపోతుంది. మా చెట్టుకే లోపలి కింది కొమ్మ నుంచి ఓ ఆకు తుంచి చూస్తే ఎరుపు వెనక నుంచి ఆకుపచ్చ తొంగిచూస్తుంది, పై కొమ్మ ఆకు మాత్రం చిక్కటి ఎరుపు. అలాగని రోజంతా ఎండలో నిలబెడితే జూలైలో ఆకు కొసల నుంచి మొదలై గోధుమ రంగులోకి మాడుతూ వస్తుంది, నలిపితే కరకరమంటుంది. రోగమనుకుని మందు కొట్టేవాళ్లున్నారు. ఆ ఎండకీ వేడిగాలికీ ఆకు వదిలేసినంత నీరు వేరు అందించలేకపోతోంది, అంతే. ఇంటికి తూర్పు వైపు పెట్టండి, మధ్యాహ్నం దాకా ఎండ తగిలి తర్వాత ఇంటి నీడ పడుతుంది. పడమటి గోడ పక్కనా, డ్రైవ్‌వే తారు పక్కనా అస్సలు వద్దు.

ఇంకోటి, ఇది మన వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పాత వంకాయ మడిలో మేపుల్ పెట్టకండి. వంకాయ, టమాటా, బంగాళాదుంప, బెండ, వీటన్నిటికీ పట్టే వర్టిసీలియం అనే శిలీంధ్రం మొక్కలు పీకేశాక కూడా ఏళ్ల తరబడి మట్టిలో కూర్చుంటుంది, మేపుల్‌కి అదంటే గండమే. చెట్టంతా బాగానే ఉండి ఒక పక్క కొమ్మ ఉన్నట్టుండి వాడిపోతుంది, కోసి చూస్తే లోపల చెక్కలో ఆకుపచ్చగానో నల్లగానో చారలుంటాయి. నయం చేసే మందు లేదు.

నాటేటప్పుడు గొయ్యి లోతు కంటే వెడల్పు ఎక్కువ ఉండాలి. కాండం అడుగున వెడల్పయ్యే చోటు మట్టిపైన కనపడాలి. మా బంకమట్టిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి కాస్త మిట్ట చేసి పెట్టడం నయం. మల్చ్, అంటే మొదలు చుట్టూ మట్టి మీద పరిచే చెక్క పొట్టు, 2, 3 అంగుళాలు చాలు, కాండానికి తగలకుండా. ఇక్కడ లాన్ పనివాళ్లు ప్రతి చెట్టు చుట్టూ దాన్ని కుప్పగా పోసి వెళ్తారు, లోపల తడికి బెరడు కుళ్లిపోతుంది. ఆ కుప్ప చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, పక్కవాళ్ల చెట్టైనా సరే.

చాలావరకు ఇవి అంటు మొక్కలే. అంటు కట్టిన చోటికి కింద నుంచి పచ్చాకుల కొమ్మ వస్తే అది అడుగున ఉన్న నాటు మొక్కది, మొహమాటం లేకుండా తీసేయండి. విత్తనం వేసినా అంతే, బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందన్న గ్యారంటీ లేనట్టు, బ్లడ్‌గుడ్ గింజ నుంచి బ్లడ్‌గుడ్ రాదు, ఏ రంగైనా రావచ్చు.

ఇది చెబుతున్నది ఎందుకంటే హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు ఆన్‌లైన్‌లో జపనీస్ మేపుల్ విత్తనాల ఫోటో పంపి "కొననా అన్నయ్యా" అని అడిగాడు, అందులో నీలం ఆకుల చెట్టు కూడా ఉంది. ఒరేయ్, నీలం ఆకుల మేపుల్ భూమ్మీద లేదు, అది ఫోటోషాప్. ఎర్రదే అయినా ఆ గింజని నెలల తరబడి చల్లటి తడిలో ఉంచితే గానీ మొలకెత్తదు. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా, ఏటా శీతాకాలంలో ఆకు రాల్చి వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోవాల్సిన చెట్టది, హైదరాబాద్ జనవరి దానికి ఏ మూలకి? పైగా మే నెల ఎండలు. అంతగా ఎర్రాకు మీద మోజుంటే నాటు బాదం పెట్టుకోమన్నాను, రాలే ముందు ఆకు ఎర్రబడుతుంది, పిల్లలు కాయలు కొట్టుకుని పప్పు కూడా తింటారు.