రేకు కరిగిపోయింది

కారు ఫ్లోర్‌లో చిటికెన వేలు పట్టేంత తుప్పు చిల్లు వెల్డింగ్‌తో పూడ్చబోయాను. ఇప్పుడు అందులో నా పిడికిలి దూరుతోంది.

ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చుకున్న రాడ్ వెల్డింగ్ మెషీన్. గేట్లకీ గ్రిల్స్‌కీ బంగారం లాంటిదే. కారు రేకు దాదాపు 0.8 మి.మీ. మందం. రాడ్ తగిలీ తగలగానే వెన్నలా కారిపోయింది.

ఇన్నాళ్లూ కొంటే ఎక్కువ ఆంప్స్ ఉన్న మెషీనే కొనాలనుకున్నా. చూడాల్సింది ఎంత పైకి వెళ్తుందని కాదు, 30 ఆంప్స్ దగ్గర కూడా నిలకడగా వెలుగుతుందా అని.

కాబట్టి మిగ్, అంటే రాడ్ బదులు సన్నటి వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్. గ్యాస్ సిలిండర్ గోల ఎందుకని, లోపల పొడి నింపి ఉండి గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ కోర్ వైరు మీదకి మనసు పోయింది కానీ, దాని వేడికీ చిటపటలకీ ఇంత పల్చటి రేకు తట్టుకోదు. 0.6 మి.మీ. వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. ఒక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, కాస్త దూరంలో ఇంకో చుక్క. ఒక చేత్తో టార్చ్, ఇంకో చేత్తో వైరు, కాలితో పెడల్ ఆడించే టిగ్ వెల్డింగ్ అందమే వేరు, ఒప్పుకుంటా. కానీ కారు కింద వెల్లకిలా పడుకుని రెండు చేతులూ, ఒక కాలూ ఆడించడం నావల్ల కాదు.

బ్యాటరీ వైరు ముందే తీసేశా, అదొక్కటే తెలివైన పని. లోపలి మ్యాట్ తీయడం మాత్రం మర్చిపోయా. ఇంకా అదే వాసన.