కింది సొరుగు

సిస్టర్ సిటీ ఎక్స్ఛేంజ్ గురించి, అంటే చుట్టరికం కలుపుకున్న రెండు దేశాల ఊళ్ల పిల్లలు ఒకరింటికి ఒకరు వెళ్లొచ్చే కార్యక్రమం గురించి రాయమని సంచిక వాళ్లు అడగ్గానే నాకు వేదిక మీది డాన్సు గుర్తుకు రాలేదు. రెండు జెండాల మధ్య నిలబడి దిగిన గ్రూప్ ఫొటో కూడా కాదు. ఒక బీరువాలో కింది సొరుగు గుర్తొచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఎంపికైన పన్నెండు మందిలో నేనూ ఉన్నాను. బయల్దేరే ముందు రెండు నెలలు ప్రతి శనివారం సోషల్ మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టేవారు. పాస్‌పోర్టు, మందులు, లగేజీ సంగతి ఒక్క వారంలో తేల్చేశారు. మిగతా వారాలన్నీ ఎక్కడెక్కడో ఉన్న రెండు ఊళ్లు అసలు చుట్టరికం ఎందుకు కలుపుకుంటాయన్న దాని మీదే. 1931లో అమెరికాలోని టొలీడో, స్పెయిన్‌లోని టొలీడో ఒకే పేరు పెట్టుకున్నందుకు దగ్గరయ్యాయంటే సరదాగా విన్నాం. కవెంట్రీ గురించి చెప్పిన రోజు మాత్రం ఎవరం కదల్లేదు. 1940 నవంబరులో జర్మన్ బాంబులకు ఆ ఇంగ్లండు నగరం నడిబొడ్డు నేలమట్టమైంది. తర్వాత రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ అంతకన్నా ఘోరమైన యుద్ధంలో చిక్కుకుంటే, కవెంట్రీ ఆడవాళ్లు 830 మంది పేర్లు ఒక టేబుల్ క్లాత్ మీద కుట్టి, తలా ఆరు పెన్నీలు వేసుకుని అక్కడికి పంపారు. 1944లో ఆ రెండు ఊళ్ల బంధం ఖాయమైంది. స్టాలిన్‌గ్రాడ్ పేరు ఇప్పుడు వోల్గోగ్రాడ్; ఆ గుడ్డ అక్కడి మ్యూజియంలో ఉంది. ‘అంత దూరం నుంచి ఏం చేయగలరమ్మా? తమ పేర్లు పంపారు’ అన్నారు మాస్టారు.

మేం దిగింది హోటల్లో కాదు, ఇళ్లలో. అలవాట్లు, ఇష్టాలు రాసిన ఫారాలు చూసి ముందే జోడీలు కట్టారు. నా జోడీ అమ్మాయి గదిలోకి తీసుకెళ్లి, మాటలేం లేకుండా బీరువాలో కింది సొరుగు లాగింది. ఖాళీగా ఉంది. లోపల ఒక కాగితం ముక్క, దాని మీద తెలుగులో నా పేరు. నేను రాసిన మొదటి ఉత్తరం చూసి దించుకుంది. ఒక దీర్ఘం ఎగిరిపోయింది, ఒత్తు పక్క అక్షరం కిందికి జరిగింది. రబ్బరుతో చెరిపిన పెన్సిల్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

మొదటి మూడు రాత్రులూ దుప్పటి కప్పుకుని ఏడ్చాను. వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు నాకు అందేది కాదు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని వాళ్ల నాయనమ్మతోనే బెంగ తీరింది. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చునేవాళ్లం. ఆవిడ కళ్లజోడు చూపించి ఒక మాట చెప్పేవారు, నేను మన మాట చెప్పేదాన్ని. వాన, చెయ్యి, మబ్బు, సూది... అలా ఆరో రోజుకి రెండు పేజీలు నిండాయి. మా డాన్సు ప్రోగ్రాం బాగా జరిగింది, చప్పట్లు కొట్టారు.

అయితే వెళ్లి రావడం సగమే. మరుసటేడు ఆ అమ్మాయి మా ఇంటికి వస్తోందని తెలిశాక నా బీరువా తెరిచి కూర్చున్నాను. సొరుగు ఖాళీ చేయడమంటే పైవాటిని పక్కకి నెట్టడం అనుకున్నాను. కానీ వాటికి చోటే లేదు. చివరికి నా బట్టలు సంచిలో కుక్కి మంచం కింద పెట్టాను. ఆ క్షణంలో, వాళ్లింట్లో మంచం కింద చూసిన సంచి కళ్ల ముందు మెదిలింది. నేనున్న రెండు వారాలూ ఆ పిల్ల రోజూ పొద్దున్నే వంగి అందులోంచే బట్టలు తీసుకునేది. ఎందుకో నాకప్పుడు తట్టలేదు. వాళ్ల లిపిలో తన పేరు రాయడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది.

డెబ్బై అయిదేళ్లలో మూడు యుద్ధాలు చేసుకున్న ఫ్రాన్స్, జర్మనీ 1963లో ఒప్పందం రాసుకుని, అదే ఏడాది యువత రాకపోకల కోసమే ఒక సంస్థ పెట్టుకున్నాయి. రాకా పోకా, రెండూ. అందుకే ఈమధ్య విన్న మాట నన్ను కలతపెట్టింది. మన పిల్లలు వెళ్లి వాళ్ల ఇళ్లలో ఉంటున్నారట, వాళ్ల పిల్లలు వస్తే మాత్రం హోటల్లో దింపుతున్నారట. ఇళ్లు ఇరుకని తల్లిదండ్రులు మొహమాటపడుతున్నారని చెప్పారు. మా ఇల్లూ ఇరుకే.

ఈసారి వచ్చే బ్యాచ్‌లో చోటు దొరకని వాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి. వాళ్ల పేరు వాళ్ల లిపిలో రాసి ముందే పంపండి చాలు, ఎందుకంటే నాకు ప్రాక్టీసుకి కనీసం నాలుగు రోజులు కావాలి.