సఖినేటిపల్లి దాకా ఎదురుగాలే

కోనసీమలో సైకిలు తొక్కడం ఏముంది, అంతా చదునే కదా అంటారు, సైకిళ్ళ మీద ఊళ్ళు తిరిగే మా వాళ్ళు. అరకు ఘాటు ఎక్కినవాళ్ళకు అలాగే ఉంటుంది. నైరుతి గాలి పట్టిన రోజున అమలాపురంలో బయలుదేరి సముద్రం వైపు తొక్కి చూడమనండి. కొండెక్కితే ఎక్కడో ఓ చోట దిగుడుంటుంది. ఎదురుగాలికి అదీ లేదు.

నేను వెళ్ళింది జులై ఆఖర్లో. బంగాళాఖాతంలో అల్పపీడనం, ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని వార్తలు. అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, మలికిపురం మీదుగా సఖినేటిపల్లి రేవు చేరి, పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే బల్లకట్టు) మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి, నరసాపురంలో రాత్రి రైలెక్కాలని నా లెక్క. ఒక్కడినే. నాది మడతపెట్టే సైకిలు, చక్రాలు చిన్నవి. దారిలో ఇద్దరు ముగ్గురు అది పిల్లల సైకిలే అనుకున్నారు.

అంబాజీపేట చేరేసరికి ముసురు కాస్తా జోరు వానైంది. పొట్టిక్కల కోసం ఎలాగూ ఆగేవాణ్ణే. పనసాకుల్ని పుల్లలు గుచ్చి చిన్న బుట్టలా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే ముందు పచ్చి వాసన ముక్కుకు తగులుతుంది. పొట్టిక్క ఒంటి మీద ఆకు ఈనెల అచ్చు దిగి ఉంటుంది. చట్నీ లేకుండానే ఒకటి అయిపోయింది.

పక్క షెడ్డులో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. నేలలో పాతిన గునపం మొన మీద కాయను కొట్టి ఓ మెలి, తిప్పి కొట్టి ఇంకో మెలి, అంతే, డొక్క ఊడి పక్కన పడుతుంది. నేను టీ ఊదుకుని తాగేలోగా ఒలిచేవాయన పక్కన కుప్ప మోకాలెత్తు లేచింది. దింపులు మాత్రం బంద్. తడిసిన చెట్టు జారుతుంది, వానలో ఎవరూ ఎక్కరు.

గన్నవరంలో ఆ రోజు మొదటి అసలైన ఎత్తు తగిలింది. అదీ నీళ్ళ కోసం కట్టిందే. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ ఇక్కడ వైనతేయ పాయకు పై నుంచి అవతలి లంకలోకి దాటుతుంది. కింద ఏరు, పైన కాలువ. కనీకనిపించని వాలు మీద అంత దూరం నడిచి వచ్చిన నీటిని ఏట్లో దించేస్తే, మళ్ళీ అవతలి పొలాల ఎత్తుకు ఎక్కించేదెవరు? అందుకే వంతెన కట్టి దాని మీద నడిపించారు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన ఆ కాలంలోనే కట్టిన పాత ఆక్విడక్టుకు 49 ఖానాలు (కమానులు). కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఉన్నది ఈ మండలంలోని లంకల గన్నవరంలోనే. వచ్చినవాడెవడని అడక్కుండా, వేళ కాని వేళ కూడా విస్తరి వేసిన మనిషి. వాన రోజు ఇటుగా వచ్చి పోయిన బాటసారులు ఆవిడ ఇంటికి ఎంతమంది చేరేవారో అనుకుంటూ కిందికి చూస్తే వైనతేయ నిండా ఎర్రనీళ్ళు. గుర్రపుడెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకుపోతోంది.

ఆక్విడక్టు దిగాక గాలి ముఖానికే తిరిగింది. టోపీ అంచు కిందికి లాక్కుని, ముందు చక్రం, దాని ముందు రెండు గజాల రోడ్డు, ఇవే చూసుకుంటూ తొక్కడం. రాలిపడ్డ కొబ్బరి మట్టలు తప్పించుకోవాలి. బ్రేకు నొక్కితే తడి రిమ్ము పట్టడానికి ఓ క్షణం ఎక్కువ తీసుకుంటోంది. వాన నూనెంతా కడిగేసి చైను కీచుమంటోంది. ఓ టైలరు కొట్టు ముందు ఆగి నూనె ఉందా అని అడిగాను. ఆయన మిషను మీంచి లేవకుండానే నా కాళ్ళకేసి చూసి, "మోకాళ్ళకా అండి, సైకిలుకా?" అన్నాడు. మిషను నూనె డబ్బా ఇచ్చి, "తిప్పుతా వెయ్యండి, చుక్క చుక్కే వెయ్యండి" అని చైను ఒక చుట్టు తిరిగేదాకా పర్యవేక్షించాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ పల్చటి నూనె వానకు ఎంతసేపాగుతుంది, రాజోలు దాటకుండానే కీచు మళ్ళీ మొదలు.

రాజోలు నుంచి మలికిపురం వైపు సాగుతుంటే పొలాలు చూసి మనసు బాగాలేకపోయింది. సార్వా ఊడుపులైన చేలల్లో నాట్లు మునిగి, కొసలు మాత్రం తేలుతున్నాయి. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ రైతునడిగితే, "వానదేముందండి, పోటు తగ్గితే గానీ డ్రెయిను లాగదు" అన్నాడు. నీళ్ళు రావడానికి కాలువలున్నాయి. పోవడానికే దారి ఇరుకు. పూడిపోయిన మురుగు కాలువ, పోటు వేళ సముద్రం ఎగదన్నితే వెనక్కి నడుస్తుంది. 2011లో ఇక్కడి రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో ఈ ముంపు కూడా ఉంది. కాటన్ దొరకు డెల్టాలో ఎన్ని విగ్రహాలో! డ్రెయిన్లు తవ్వించినవాడికి ఒక్కటైనా పెట్టే రోజొస్తే బాగుండు. నా కాళ్ళకు సుఖమైన ఈ చదునే వాళ్ళ చేలకు శత్రువు.

సఖినేటిపల్లి రేవుకు చేరేసరికి నాలుగు దాటింది. పంటు ఒడ్డున కట్టేసి ఉంది.

"ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారంటండి. ఇంక తిప్పరు" అన్నాడు టీ కొట్టాయన. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరిందంటే ఇక్కడ రేవులో లెక్కలు మారిపోతాయి. అవతలి ఒడ్డున నరసాపురం కనిపిస్తూనే ఉంది. మధ్యలో వశిష్ఠ, మామూలుగా పంటు మీద కాసేపట్లో దాటే ఏరు, మొదళ్ళతో సహా ఊడొచ్చిన చెట్లను తోసుకుపోతోంది. టెన్షన్ పడేంత ఏం లేదు గానీ, చించినాడ వంతెన చుట్టు తిరిగి వెళ్ళాలంటే మళ్ళీ మలికిపురం, అక్కణ్ణుంచి దిండి. రైలేమో నరసాపురంలో బయలుదేరి పాలకొల్లు మీదుగానే పోతుంది. పాలకొల్లులో పట్టుకోవచ్చు. అంతర్వేదికి మాత్రం ఇటునుంచే నమస్కారం పెట్టాను.

తిరిగిన మరుక్షణం గాలి వీపుకు తగిలింది. పొద్దుటి నుంచి నన్ను వెనక్కి నెట్టిన గాలే ఇప్పుడు తోసుకుపోతోంది. వాన అలాగే ఉంది గానీ ముఖం మీద పడటం లేదు. దిండి దాకా ఎలా వచ్చానో తెలియలేదు, రాయడానికీ పెద్దగా ఏం లేదు. చించినాడ వంతెన మీద మాత్రం పక్కగాలి గట్టిగా కొట్టింది. లారీ దాటినప్పుడల్లా చిన్న చక్రాలు తడబడుతుంటే, దిగి నడిపించుకుంటూ వెళ్ళాను.

పాలకొల్లులో దిబ్బరొట్టె తిన్నాను. అడుగు మాడీమాడనట్టు ఎర్రగా కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. దాని మీద చెరకు పానకం పోసిస్తారు. రెండోది అడిగితే కొట్టాయన, "ముందు ఇది కానివ్వండి, వేడిగా వేస్తాను" అన్నాడు.

రైల్లో సైకిలు మడిచి బెర్తు కింద తోశాను. ఎదుటి సీటులో పెద్దాయన నా బట్టల్లోంచి కారుతున్న నీళ్ళను చూసి కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

"ఎక్కణ్ణుంచండి?"

"అమలాపురం నుంచండి. పొద్దున్న బయలుదేరాను."

ఆయన ఓసారి సైకిలు కేసి, ఓసారి నా కేసి చూసి, "బస్సుకైతే రెండు గంటలు పట్టదు కదండీ" అన్నాడు. నిజమే, పట్టదు.