జీన్స్ కుట్టే ఊళ్లో లైబ్రేరియన్ ఉద్యోగం

గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1914లో బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం గారు... ఇవన్నీ బుర్రకెక్కించుకుని ఉద్యోగంలో చేరాను. పోస్టింగ్ అనంతపురం జిల్లాలో, బళ్లారి వైపు ఉన్న ఓ చిన్న ఊరికి వచ్చింది. అక్కడ పడవ సంగతి దేవుడెరుగు, కుళాయి నీళ్లే రోజు విడిచి రోజు.

మొదటి గండం అద్దె ఇల్లు. "ఏమోళ్లు మీరు?" అని అడిగితే "మనుషులమండి" అని చెప్పి ఒకటికి రెండిళ్లు పోగొట్టుకున్నాను. చివరికి దొరికిన ఇంటావిడ ఆ ప్రశ్న వేయలేదు. "ఒక్కదానివే ఉంటావా పాపా? ఎనిమిదిన్నరకి గేటుకి తాళం పడతాది" అంది, అంతే.

ఇక లైబ్రరీ. పొద్దున 8కి తలుపు తీసేసరికి పెద్దవాళ్లు మెట్ల మీద సిద్ధంగా ఉండేవారు. పేపర్ రాగానే షీట్లు విడదీసి తలా ఒకటి పట్టుకునేవారు, జిల్లా పేజీకి మాత్రం వంతులు. చదవడం పావుగంట, వాదన రెండు గంటలు. 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు రాయించి తగిలించాను. మర్నాటికి అది గోడ వైపు తిరిగి ఉంది! ఆ పెద్దవాళ్లలో ఒక రిటైర్డ్ టీచర్ గారు వారం పాటు నాతో మాట్లాడలేదు కూడా. సాయంత్రాలు పుస్తక పరిచయం పెడితే వచ్చింది మా అటెండరు, వాన పడుతోందని లోపలికొచ్చిన పాలాయన. వచ్చేవాళ్ల కోసం తెచ్చిన బిస్కెట్లన్నీ వాళ్లిద్దరే తిన్నారు.

జనానికి చదువంటే పడదేమో అనుకున్నాను. అసలు సంగతి మా ఇంటావిడ అరుగు మీద తెలిసింది. ఆ ఊళ్లో ఇంటికో కుట్టుమిషన్ ఉంటుంది, జీన్స్ ప్యాంట్లు కుడతారు. కూలి పీసు లెక్కన. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని, కుట్టిన ప్యాంట్లకి వేలాడే దారాలు కత్తిరిస్తారు. లైబ్రరీ సాయంత్రం 4 నుంచి 7 దాకా, సరిగ్గా మిషన్లు జోరు మీదుండే వేళ. సెలవు శుక్రవారం. ఎవరు వస్తారు? కరెంటు పోయిన పూట మాత్రం మగపిల్లలు బిలబిలమంటూ వచ్చి కానిస్టేబుల్ పరీక్ష పుస్తకాలు అడిగేవారు. దాంతో మర్నాడు కరెంటు కోత ఉందని కబురు తెలిస్తే, ఆ పుస్తకాలన్నీ ముందే బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాను. అరుగుల దగ్గరికి వారపత్రికలు, నవలలు సంచిలో వేసుకుని నేనే వెళ్లేదాన్ని. సీరియల్ భాగం ఒకమ్మాయి పైకి చదువుతుంటే మిగతావాళ్ల కత్తెరలు ఆగేవి కావు.

పెద్దవాళ్లతో రాజీ ఇంకోలా కుదిరింది. "మాకే రూల్సా?" అని టీచర్ గారు మళ్లీ గొడవకొచ్చిన రోజు, విసుగొచ్చి బీరువాలోంచి 1960 నాటి గ్రంథాలయాల చట్టం తీసి ముందు పెట్టాను. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి, మీ పేపర్లూ పుస్తకాలూ కొనేది ఆ డబ్బుతోనే అని చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. ఆ రోజు నుంచి నాకు ఊపిరాడలేదు. "నా ఎనిమిది పైసలకి వేరుశనగ సాగు పుస్తకం తెప్పీ మేడమ్", "నా ఎనిమిది పైసలకి ఈ ఫ్యాను తిరగదా?" అని ఒకటే గోల. బోర్డు కూడా ఎవరో సరిగ్గా తిప్పారు, వాదన మాత్రం వరండాలోకి మారింది.

ఈమధ్య మున్సిపాలిటీ జమ చేయాల్సిన సెస్సు బకాయి ఉందని వాళ్లే కనుక్కున్నారు. సోమవారం అర్జీ ఇస్తారట. నేను ఉద్యోగిని, సంతకం పెట్టకూడదు. చట్టం జెరాక్స్ కాపీలు మాత్రం తీయించి ఇచ్చాను. ఆ డబ్బులు టీచర్ గారు నన్ను ఇవ్వనివ్వలేదు.