పానా ఎవరి చేతిలో ఉంది

మా ఆయన దోమతెరలోకి దూరి ఎప్పుడో నిద్రపోయారు. నాకు మాత్రం ఒక ఫోటో మూలంగా కన్ను మూతపడడం లేదు.

ఈ రోజు మా సంఘం సేవా బృందం ఆఫ్రికాలోని మలావీ దేశంలో బ్లాంటైర్ నగరం నుంచి షిరే నది లోయలోకి దిగి, చిక్వావా జిల్లాలోని ఒక పల్లెకు వెళ్ళింది. ఎక్కువ మంది బడి గోడలకు రంగు వేశారు. నేనూ మరో ఇద్దరూ మూడు వారాలుగా నీళ్ళు రాని చేతిపంపు దగ్గర సాయపడ్డాం. దాని పేరు అఫ్రిదేవ్. 1980ల మొదట్లో ఈ మలావీలోనే పరీక్షించిన ఒక పంపు దీనికి మూలం. ఊరివాళ్ళే మరమ్మతు చేసుకోగలగాలన్న ఉద్దేశంతో రూపొందించారు కనుక దాదాపు పనంతా ఒక్క పానాతో జరిగిపోతుంది. బోరులోని పైపును పెకలించకుండానే లోపలి కడ్డీలను ఒకదాని వెంట ఒకటి పైకి లాగి, కొసనున్న పిస్టన్‌కు అరిగిపోయిన రబ్బరు సీలు మార్చవచ్చు.

ఆ పని చేసింది ఊరి నీళ్ళ కమిటీలోని ఒక పెద్దావిడ. చిచేవా భాషలో పెద్ద ఆడవాళ్ళను 'అమాయి' అని గౌరవంగా పిలుస్తారు. అది నా చెవికి మన 'అమ్మాయి'లాగే వినబడడంతో, అరవై దాటిన మనిషిని అలా పిలవడానికి మొదటి రెండు రోజులూ నాకు నోరు రాలేదు. ఆవిడ కడ్డీల కొక్కేలు విడదీస్తూ ఒక్కొక్కటీ నాకు అందించింది. అవి మట్టికి ఆనకుండా పట్టుకోవడమే నా పని. ఒకసారి కొస నేలకు తగిలితే ఏమీ అనకుండా తన నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డ చెంగుతో తుడిచి మళ్ళీ ఇచ్చింది. మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చాయి. పిల్లలు దోసిళ్ళు పట్టారు.

అప్పుడు మన బృందంలోని ఒక సహోదరుడు పానా చేతిలోకి తీసుకొని, పంపు మీదికి వంగి, నట్టు బిగిస్తున్నట్టు నిలబడి ఫోటో తీయించుకున్నాడు. పొద్దుటి నుంచీ అతడు ఆ పానా ముట్టుకోలేదు. సాయంత్రానికి ఆ ఫోటో సంఘం వాట్సాప్ గ్రూపులోకి చేరింది. ఈ గ్రామానికి ఈ రోజు మనం నీళ్ళిచ్చామనీ, దేవునికి స్తోత్రమనీ కింద రాసి ఉంది. నలభై మందికి పైగా ఆమెన్ అన్నారు. ఆవిడ చెయ్యి మాత్రం ఫోటో అంచున మోచేతి దాకా కనిపిస్తోంది. నిన్న రాత్రి వాక్య ధ్యానంలో బైబిల్లోని సమరయ స్త్రీ గురించి మాట్లాడింది ఈ సహోదరుడే. యాకోబు బావి దగ్గర ప్రభువు చేతిలో చేద లేదనీ, నీళ్ళు చేదగలిగింది ఆమేననీ, అందుకే ఆయన ఆమెను అడిగాడనీ ఎంత చక్కగా చెప్పాడు! ఒక్క రోజు గడవకముందే అంతా మరిచిపోతే మనసు ఎలా ఊరుకుంటుంది?

నాకు ఇంత కోపం రావడానికి ఆదివారం కూడా కొంత కారణం. ఆ రోజు బ్లాంటైర్‌లో సెయింట్ మైకేల్ అండ్ ఆల్ ఏంజెల్స్ చర్చి చూశాం. 1888 నుంచి 1891 వరకు కట్టిన ఎర్ర ఇటుకల చర్చి అది. కట్టించిన స్కాట్లాండ్ మిషనరీ డేవిడ్ క్లెమెంట్ స్కాట్‌కు భవన నిర్మాణంలో శిక్షణే లేదట. అందరూ ఆయన ప్రతిభకు ఆశ్చర్యపోతుంటే, నేను ఆ కమానుల కింద ఇటుకల మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. పేర్చిన చేతులు స్థానికులవే, వారి పేర్లు ఎవరూ చెప్పలేదు. మా నాన్న తాపీమేస్త్రీ అని మీకు తెలుసు కదా. ఆయన కట్టిన ప్రార్థనాలయం ప్రతిష్ఠ రోజున నేను శిలాఫలకం మీది పేర్లన్నీ పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివాను. నాన్న పేరేదని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. నన్ను పక్క గోడ దగ్గరికి తీసుకెళ్ళి, రసమట్టం ఆనించి, గాలిబుడగ నడిమికి వచ్చి ఆగేదాకా నాతో చూపించాడు. ఆ బుడగ ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇంతవరకూ రాశాక మరొకటి గుర్తొచ్చి చెయ్యి ఆగింది. ఆ పానా అతడు లాక్కోలేదు. ఆవిడే నవ్వుతూ అందించింది, పక్కకు జరిగి చోటు కూడా ఇచ్చింది. సీళ్ళు కొనడానికి డబ్బు పోగైంది కూడా నిరుడు అతడు పంపిన ఇలాంటి ఫోటోల వల్లనే. ఆ డబ్బులో నాదీ ఉంది, నేను ఇచ్చింది ఒక ఫోటో చూసే. అతిథికి ఆవిడ మర్యాద చేసిందేమో, నేను దాన్ని దోపిడీ అనుకున్నానేమో. నాన్నకు జరిగినదాని తాలూకు బాధను తెచ్చి ఈ కుర్రవాడి నెత్తిన పెడుతున్నానా అన్న అనుమానం కూడా కలుగుతోంది.

అయినా ఫోటో కింది మాట తప్పే. సీలు మనం తెచ్చాం, నీళ్ళు తెప్పించింది ఆవిడ. పడుకునే ముందు అతడి గదికి వెళ్ళి అదే చెప్పాను. చాలాసేపు ఫోన్ చూసి, "ఆవిడ పేరేంటక్కా?" అని అడిగాడు.

నాకూ తెలియదు. పొద్దున్నుంచీ అమాయి, అమాయి అంటూనే ఉన్నాను. రేపు గోడలకు రెండో పూత వేయడానికి మళ్ళీ ఆ పల్లెకే వెళ్తున్నాం. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, పేరు అడిగి, రాయవచ్చునా అని కూడా అడగాలి.