భక్తి ఉద్యమాలు: మెయిన్స్ కోసం నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. భక్తి ఉద్యమంపై ప్రశ్న వస్తే చాలామంది రామానుజుల నుంచి మీరాబాయి వరకు పేర్లు వరుసగా రాసి, ‘కులభేదాలను ఖండించారు’ అన్న ఒక్క వాక్యంతో ముగిస్తారు. ప్రిలిమ్స్‌కు ఆ పేర్లు, కాలక్రమం కంఠతా రావలసిందే. మెయిన్స్‌కు చదివేటప్పుడు మాత్రం నేను ప్రతి భక్తకవి దగ్గరా ఆగి, ఆయన పాటకు గుడిలో చోటు దొరికిన తర్వాత ఆయన కులంవారికి కూడా దొరికిందా అని చూసుకుంటూ వెళ్లాను.

ఆవిర్భావం గురించి రాసేటప్పుడు ఒక విషయంలో జాగ్రత్త అవసరం. ఇస్లాం రాకతోనే భక్తి ఉద్యమం పుట్టిందని రాస్తే కాలక్రమం ఒప్పుకోదు. తమిళదేశంలో వైష్ణవ భక్తకవులైన ఆళ్వార్లు, శైవ భక్తకవులైన నాయనార్లు 6 నుంచి 9వ శతాబ్దాల మధ్యే, జైన బౌద్ధాలతో పోటీపడుతూ, ప్రజల భాషలో పాడుతూ ఊరూరా తిరిగారు. ఉత్తరాదిన కబీరు నాటికి సూఫీల సాహచర్యం బలంగా ఉన్న మాట నిజమే. దాన్ని ఆ కాలానికి, ఆ ప్రాంతానికి పరిమితం చేసి రాయాలి.

సాంఘిక ప్రభావానికి నేను ఎక్కువగా వాడుకున్న ఉదాహరణ మహారాష్ట్రలోని పండరిపురం. అంటరానిదిగా చూసిన మహర్ కులానికి చెందిన చోఖామేళా 14వ శతాబ్దంలో విఠలుడిపై అభంగాలు (మరాఠీ భక్తి పదాలు) పాడాడు, విఠలుడి భక్తులైన వార్కరీలు ఆయనను సంతుగా కొలిచారు, అయినా ఆయన సమాధి నేటికీ ఆలయ మహాద్వారం ఎదుట, బయటే ఉంది. ఆ గుడిలోకి దళితులందరికీ ప్రవేశం దొరికింది 1947లో, అదీ స్వాతంత్ర్య సమరయోధుడు సానే గురూజీ నిరాహారదీక్ష చేసిన తర్వాత. భక్తి ఏం సాధించింది, ఎక్కడ ఆగిపోయింది అన్న రెండూ ఆ ఒక్క గుమ్మం దగ్గరే కనిపిస్తాయి. ఇది చదివిన రోజు నాకు పుస్తకం మూయబుద్ధి కాలేదు.

12వ శతాబ్దంలో కన్నడదేశపు కల్యాణ నగరం ఇంకా ముందుకు వెళ్లింది. బసవేశ్వరుడి చుట్టూ చేరిన శరణులలో (శివభక్తులలో) చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కూ, బ్రాహ్మణుడైన మధువరసు కూతురికీ పెళ్లి జరిగిందనీ, అక్కడి రాజు బిజ్జలుడు ఆ వియ్యంకులిద్దరికీ మరణశిక్ష వేయించాడనీ వీరశైవ సంప్రదాయం చెబుతుంది. అంటే ప్రతిఘటన ఎదురైంది పాటకు కాదు, పెళ్లికి. ఆ శరణుల కథలను పాల్కురికి సోమనాథుడు సంస్కృత పద్ధతిలో సాగే మార్గ కవిత్వపు వృత్తాలను పక్కనపెట్టి, జానుతెనుగులో (జనానికి తేలిగ్గా తెలిసే తెలుగులో), పాడుకోవడానికి వీలైన ద్విపదలో బసవపురాణంగా రాశాడు. తెలుగు అభ్యర్థులు ఈ భాగాన్ని రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఛందస్సును ఎంచుకోవడం కూడా ఇక్కడ సామాజిక నిర్ణయమే.

చైతన్యుడు, వల్లభుడు, సూరదాసు వంటివారికి నేను తలా నాలుగు వాక్యాల నోట్స్‌తో సరిపెట్టాను. అస్సాంలో శంకరదేవుడి పరంపర నెలకొల్పిన సత్రాలను (వైష్ణవ మఠాలను), నామఘర్‌లను (ఊరి ప్రార్థనా మందిరాలను) మాత్రం వదలకండి. ఉద్యమం సంస్థగా ఎలా స్థిరపడిందో చూపడానికి అవి పనికొస్తాయి. ప్రాంతాలను కలుపుతూ రాయమంటే 1604లో సిక్కు గురువు అర్జన్ సంకలనం చేసిన సిక్కుల పవిత్ర గ్రంథం ఆది గ్రంథంతో మొదలుపెట్టండి: దర్జీ కుటుంబంలో పుట్టిన నామదేవుడు, నేతపనివాడైన కబీరు, తోలుపని చేసిన రవిదాసు, ముగ్గురి పదాలూ అందులో ఉన్నాయి.